పన్నెండో పెట్టె

మందమర్రి వర్క్‌షాపు వెనక గదిల
నన్ను కూసోబెట్టి పదకొండు దినాలు.
అట్టపెట్టె మూత తీస్తే
ముందు గ్రీజు వాసన లేస్తది,
తర్వాత తారీఖులు.

కార్డుకు ఆరు గడులు:
పేరు, టోకెన్ నంబరు, ఏ యంత్రం, ఏం పని,
ఎప్పుడు పట్టిండు, ఎప్పుడు ఇడిసిండు.
చూసి కంప్యూటర్ల కొట్టుడు నా పని.
కార్డుకు రూపాయి పావలా.

మొదటి దినం అన్నీ కోడి గీకిన గీతలే.
ఇప్పుడు ముఖం చూడని మనుషులను
ఏడు అంకెను బట్టి గుర్తుపడుతున్న.
ఓదెలు ఏడు మెడ వంచుకుంటది.
బక్కయ్య ఏడు నడుముకు తువ్వాల కట్టుకుంటది.
రాత్రి షిఫ్టు రాతలు ఎవరివైనా సరే
తెల్లారేసరికి కిందికి జారుతయి,
గీత మీద నిలవలేక.

‘మూడో నంబరు పంపు. నీళ్లు ఎక్కినయి.
పట్టింది పొద్దున ఆరు.
ఇడిసింది తెల్లారి ఒంటిగంట.’
కొట్టిన. గడి ఎర్రగయ్యింది.
మనిషి పదహారు గంటలు దాటి పని చెయ్యడని
కంప్యూటరుకు ఎవరో చెప్పిపెట్టిండ్రు.
‘పదహారు కొట్టి ముందుకు పో అమ్మా’ అన్నడు సారు.
నడుముదాక నీళ్లల్ల ఓదెలు నిలబడ్డ
ఆ మిగిలిన మూడు గంటలు ఎక్కడ పెట్టాలె?
నా నోటుబుక్కు ఆఖరి పేజీల రాసుకున్న.
ఇప్పటికి ఆ పేజీ మీద నూట నలభై గంటలు.

తొమ్మిదో పెట్టెల ఒక సంగతి బయటపడ్డది.
అయిదుగురి కార్డులు, ఒకటే చేతిరాత.
అక్షరాలు బాల్‌బేరింగుల తీరు గుండ్రంగ,
ఒత్తులు మాత్రం ఎడమకు గుంజుకపోతయి.
కింద అయిదు వేలిముద్రలు.
సారు కండ్లద్దాలు నెత్తి మీదికి జరిపి
‘దొంగ మస్టర్లు, పక్కకు పెట్టు’ అన్నడు.
పెట్టలే.
ఆరో మనిషి కోసం దేవులాడిన.
టోకెన్ ఇరవై రెండు పదహారు, టర్నర్ యాకూబ్ అలీ.
తన పేరు చిన్నగ,
దోస్తుల పేర్లు పెద్దగ రాసేటోడు.
షిఫ్టు దిగినంక వాళ్లు ఒకని మీద ఒకరు పడి చెప్తుంటే
సైకిలు సీటు మీద కార్డు పెట్టి రాసి ఉంటడు.
ఇది నా ఊహ. ఊహకు గడి లేదు.

పదకొండో పెట్టె, ఫిబ్రవరి.
ఇరవై రెండు పదహారు లేదు.
బదిలీనో, జబ్బో, ఇంకేమన్ననో,
రాని కార్డు ఏం చెప్తది?
ఆ వారం అయిదు కార్డులు తెల్లగున్నయి.
వేలిముద్ర ఒక్కటే,
జాతరల తప్పిపోయిన పోరని లెక్క.
మూలకు ఎవరో గీకిండ్రు: జీతం కోత.

ఈ పొద్దు పన్నెండోది తెరిచిన.
మార్చి, రెండో వారం.
‘రాజలిగు.’
సున్న మర్చిపోయిండు.
పెన్సిలు ఎంత ఒత్తిండో,
కార్డు తిప్పితే వెనక చేతికి తగులుతున్నది పేరు.
దాని కింద ‘మొండయ్య’.
మొండయ్య య కింది ఒత్తు చూసిన.
ఎడమకు గుంజుకపోయి ఉన్నది.

ఏప్రిల్ కార్డులల్ల సున్న వచ్చింది,
వాషరంత సున్న,
పక్క అక్షరాన్ని తోసుకుంట.

మార్చి కార్డును మాత్రం ఉన్నది ఉన్నట్టు కొట్టిన.
‘ఈ పేరుతో ఉద్యోగి లేడు’ అన్నది కంప్యూటరు.
దిద్దలేదు. సారు రేపు చూసుకుంటడు.

ఆరుకు లేచి గోడ యంత్రం ముందు నిలబడ్డ.
పెండ్లికి ముందు మెట్‌పల్లిల
ఎనిమిదేండ్లు బీడీలు చుట్టిన.
బొటనవేలి గీతలన్ని తునికాకే గుంజుకున్నది.
యంత్రం మూడుసార్లు కాదన్నది.
వాచ్‌మన్ రోజటి తీరే రిజిస్టరు జరిపిండు.
వచ్చింది తొమ్మిది. పోయింది ఆరు.
పేరు దగ్గరికి వచ్చినంక
పెన్ను జర గట్టిగ ఒత్తిన.